కుడిచెయ్యి ఏం చేస్తోంది?

బీటిల్స్ బృందంలోని పాల్ మెకార్ట్‌నీ 1965 జూన్ 14న 'ఎస్టర్‌డే' రికార్డు చేసినప్పుడు తన గిటారు తీగలన్నిటినీ రెండు మెట్లంత కిందికి దించుకున్నాడు. వేళ్లు పట్టింది జి వరుస కార్డులు, మనకు వినిపించేది ఎఫ్ శ్రుతి. ఈ ఒక్క సంగతి తెలియక ఎంతమంది ఇంట్లో కూర్చుని ఎఫ్, బి ఫ్లాట్ బార్ కార్డులతో వేళ్లు నొప్పి పుట్టించుకున్నారో! అచ్చుపుస్తకం తప్పు చెప్పలేదు, పాట ఎఫ్‌లోనే ఉంది. చెవీ తప్పు వినలేదు. అయినా ఎఫ్ కార్డులతో వాయిస్తే పాట ముడుచుకుపోయినట్టు మోగుతుంది. ఎందుకంటే రికార్డులో వదిలేసిన ఖాళీ తీగలు మోగుతున్నాయి, మన చేతిలో అవి నొక్కుకుపోయి ఉన్నాయి.

ఇష్టమైన రాక్ బృందం గిటారును గురువు లేకుండా ఇంట్లో నేర్చుకోవచ్చా అన్నది పాత ప్రశ్నే. అరవై ఏళ్లలో దీనికి జవాబుగా పుస్తకాలు, క్యాసెట్లు, ట్యాబులు, వీడియోలు వచ్చాయి. ఇప్పుడు పాటలోంచి గిటారును విడదీసి ఇచ్చే యాప్‌లూ వచ్చాయి. వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచింది ఇది: ఎడమచేతి వేళ్లు ఏ మెట్టు మీద ఉండాలో చెప్పే సాధనాలు కోకొల్లలు. ఆ స్వరాన్ని ఆ మెట్టు మీదే ఎందుకు పట్టుకున్నారో, ఆ సమయానికి కుడిచెయ్యి ఏం చేస్తోందో చెప్పేవి బహు తక్కువ. బృందం పోలిక వచ్చేదీ రానిదీ మాత్రం అక్కడే తేలుతుంది. (మెకార్ట్‌నీ ఎడమచేతివాటం మనిషి. ఆయన దగ్గర ఈ కుడిఎడమలు తిరగేసి చదువుకోవాలి.)

బీటిల్స్‌ను ఎంచుకోవడానికి అభిమానం ఒక్కటే కారణం కాదు. 1962 నుంచి 1970 దాకా వచ్చిన ఆ రికార్డుల మీద జరిగినంత పరిశోధన మరే రాక్ బృందం మీదా జరగలేదనుకుంటాను. ఏ పాట ఏ రోజు, ఎన్నో టేకులో కుదిరిందో మార్క్ లూయిసన్ 1988లోనే పుస్తకంగా ఇచ్చాడు. ఏ గిటారు ఎప్పుడు ఎవరి చేతికి వచ్చిందో ఆండీ బాబియుక్ 'బీటిల్స్ గేర్' (2001)లో గుదిగుచ్చాడు. అలన్ పోలాక్ 1989 నుంచి దాదాపు పదేళ్ల పాటు ఒక్కో పాటనూ విప్పి చూపే వ్యాసాలు రాశాడు. ఇన్ని ఉన్నా ఇంట్లో నేర్చుకునేవాడికి అనుమానాలు తీరడం లేదంటే లోపం సమాచారంలో లేదు. ఇంకో కారణం, వాళ్ల వాయింపు మెరుపువేగం కాదు. వాన్ హేలెన్ గిటారు విన్నప్పటిలా మొదట్లోనే గుండె జారిపోదు. చేతికి అందేట్టే ఉంటుంది. తిరకాసంతా అందులోనే.

వాళ్లు నేర్చుకున్నదీ ఇళ్లలోనే. జాన్ లెనన్‌కు మొదటి పట్లు చూపింది తల్లి జూలియా. ఆమెకు వచ్చింది బాంజో కనుక కొడుకు కొన్నాళ్లు గిటారు మీద బాంజో కార్డులే పట్టాడు. మెకార్ట్‌నీ తండ్రి ఇచ్చిన ట్రంపెట్‌ను మార్చుకుని గిటారు తెచ్చుకున్నాడు, అది తన చేతికి ఒదగడం లేదని గ్రహించి తీగలు తిరగేసి కట్టుకున్నాడు. బి7 కార్డు తెలిసిన మనిషి ఒకడు లివర్‌పూల్‌లో ఇంకో మూల ఉన్నాడని విని బస్సెక్కి వెళ్లి నేర్చుకొచ్చిన కథ ఆయన ఎన్నోసార్లు చెప్పాడు. బర్ట్ వీడన్ 1957లో వేసిన 'ప్లే ఇన్ ఎ డే' అనే పలచటి పుస్తకం ఆ తరం ఇంగ్లండ్ కుర్రాళ్ల ఇళ్లలో తిరిగింది. అయితే బృందంలోని నలుగురిలో ఎవరికీ పాశ్చాత్య స్వరలిపి చదవడం రాదు. రికార్డు పెట్టడం, విన్నది వెతుక్కోవడం, తెలిసినవాడి చేతుల వంక చూడడం, అంతే వాళ్ల చదువు. బి7 పట్టు ఇవాళ ఫోనులో రెండు క్షణాల్లో దొరుకుతుంది. బస్సు దిగి వెళ్లినవాడికి దాంతో పాటు, ఆ కార్డు మీద ఎదుటి మనిషి పిక్ ఎలా ఆడించాడో కూడా కనిపించి ఉంటుంది. బొమ్మలో ఆరు గీతలూ నాలుగు చుక్కలూ మాత్రమే ఉంటాయి.

విని పట్టుకోవడం దగ్గరే మొదలుపెడదాం. ఎల్‌పీల కాలంలో దీనికో చిట్కా ఉండేది. కొన్ని రికార్డు ప్లేయర్లలో 16 అనే వేగం ఉండేది. నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన ఎల్‌పీని దాని మీద పెడితే వేగం సగమవుతుంది, స్వరం ఒక స్థాయి కిందికి దిగుతుంది. మంద్రంలో, బురదలో నడిచినట్టు వినిపించే ఆ సోలోను ఒక్కో స్వరమే ఏరుకునేవాళ్లు. ఇప్పటి యాప్‌లు శ్రుతి మార్చకుండా వేగం తగ్గిస్తాయి, కావలసిన నాలుగు సెకన్లను తిప్పితిప్పి వినిపిస్తాయి. ఇంట్లో నేర్చుకునేవాడికి గత పాతికేళ్లలో దొరికిన అన్నిటికన్నా గొప్ప వరం ఇదేనని నా అభిప్రాయం. తక్కిన వాటిలో చాలామటుకు లేకపోయినా నడుస్తుంది.

వేగం తగ్గించుకోవడం దొంగదారి అని మొహమాటపడేవాళ్లకు 'ఎ హార్డ్ డేస్ నైట్' సోలో కథ చెప్పాలి. 1964లో బృందంలోని జార్జ్ హారిసన్ పన్నెండు తీగల గిటారు మీద, నిర్మాత జార్జ్ మార్టిన్ పియానో మీద ఆ సోలోను టేపు సగం వేగంతో తిరుగుతుండగా వాయించారు. తర్వాత టేపును మామూలు వేగంతో తిప్పితే మనం వినే ఆ గలగల వచ్చింది. అంటే అసలు రికార్డే సగం వేగంలో తయారైంది. దాన్ని అసలు వేగంలో, అదే తళుకుతో వాయించలేకపోతున్నానని ఏళ్లుగా బాధపడినవాళ్లు, రికార్డులో వినిపించేది హారిసన్ కూడా ఆ వేగంలో వాయించింది కాదని తెలుసుకుంటే కొంత ఊరట. కచేరీల్లో మాత్రం ఆయన దాన్ని పూర్తి వేగంలో వాయించక తప్పలేదు, వాయించాడు కూడా.

పైసా ఖర్చు లేని ఇంకో సాధనం ఆ పాత రికార్డుల్లోనే ఉంది. తొలి రెండు ఆల్బములను రెండే ట్రాకుల మీద రికార్డు చేశారు. వాటి స్టీరియోలో వాద్యాలన్నీ ఒక చెవిలో, గొంతులన్నీ రెండో చెవిలో ఉంటాయి. 1965 నాటి 'రబ్బర్ సోల్' స్టీరియో కూడా చాలావరకు అలాగే విడిపోయి ఉంటుంది. వినడానికి ఈ కూర్పు వింతగా ఉంటుందని విమర్శకులు ఎప్పటినుంచో విసుక్కుంటున్నారు. నేర్చుకునేవాడికి ఇది పండగ. గొంతుల వైపు ఇయర్‌ఫోన్ తీసేస్తే చాలు, లెనన్ పిక్ తీగల మీద రాసుకునే చప్పుడు కూడా తెలుస్తుంది. 2009లో వచ్చిన రీమాస్టర్లలో ఈ విభజన పదిలంగా ఉంది. ఈమధ్య కొత్తగా మిక్స్ చేసిన వాటిలో అన్నీ మధ్యకు సర్దేశారు. వినేవాడికి కొత్తవి, నేర్చుకునేవాడికి పాతవి.

ఇక అచ్చు పుస్తకాలు. వీటిలో పెద్దది 'ది బీటిల్స్ కంప్లీట్ స్కోర్స్'. నలుగురు జపనీయులు కలిసి, బృందం విడుదల చేసిన పాటలన్నిటినీ ఒక్కో వాద్యం చొప్పున వెయ్యి పేజీలకు పైగా రాసిపెట్టారు. అమెరికాలో హాల్ లియొనార్డ్ సంస్థ దాన్ని వేసింది. అభిమానులు బైబిలంటారు, ఆ శ్రమకు చేతులెత్తి మొక్కాల్సిందే. స్వరాల విషయంలో చాలావరకు నమ్మవచ్చు. కానీ ఇలాంటి పుస్తకంతోనే నేర్చుకోవడం మొదలుపెట్టమని ఎవరికీ చెప్పను. స్వరం ఎక్కడ పుట్టిందన్నది కాగితం మీద తేలిగ్గా జారిపోతుంది. హారిసన్ పాట 'ఇఫ్ ఐ నీడెడ్ సమ్‌వన్' ఎ శ్రుతిలో వినిపిస్తుంది. ఆయన ఏడో మెట్టు మీద కేపో (తీగలన్నిటినీ ఒకేచోట నొక్కిపట్టే బిగింపు) బిగించి డి ఆకారం పట్టాడు. 'నార్వీజియన్ వుడ్' ఇ శ్రుతి, లెనన్ రెండో మెట్టు మీద కేపో పెట్టి డి ఆకారమే పట్టాడు. 'హియర్ కమ్స్ ది సన్' మళ్లీ ఏడో మెట్టు, మళ్లీ డి. ఈ మూడింటిలోనూ రాగం ఆ డి ఆకారంలోనే, చిటికెన వేలు పెట్టి తీసే చోట దాక్కుని ఉంది. కేపో తీసేసి ఎ కార్డుతో, ఇ కార్డుతో ప్రయత్నిస్తే స్వరాలన్నీ దొరుకుతాయి గాని చెయ్యి గోడలెక్కాలి. పట్టు తెలిసిందా, పిల్లలు కూడా ఒక సాయంత్రంలో తీస్తారు.

అందుకే ఒక మోటు సూత్రం: బీటిల్స్ పాటలో ఏదైనా ముక్క వాయించడానికి మరీ కష్టంగా ఉంటే, మీరు దాన్ని తప్పు చోట పట్టుకున్నారని ముందు అనుమానించండి. ఆ తర్వాతే మీ చేతిని.

ట్యాబుల సంగతి వేరు. తీగ పేరు, మెట్టు అంకె రాసే ఈ పద్ధతి కొత్తది కాదు, 16వ శతాబ్దపు యూరప్‌లో ల్యూట్ వాయించేవాళ్లు ఇలాగే రాసుకున్నారు. 1990ల మొదట్లో అభిమానులు టైపు చేసి పంచుకున్న ట్యాబులతో ఆన్‌లైన్ గిటార్ ఆర్కైవ్ మొదలైంది. 2006లో సంగీత ప్రచురణకర్తల లీగల్ నోటీసులతో మూతపడింది. ఈలోగా అలాంటివి మరెన్నో వచ్చాయి. ట్యాబు చెప్పాల్సింది సరిగ్గా స్వరలిపి వదిలేసినదే, స్వరం పుట్టిన చోటు. విచిత్రమేమిటంటే ఎక్కువ ట్యాబుల్లో తప్పు ఉండేదీ అక్కడే. రాసినవాడు తన చేతికి వచ్చిన చోట రాసేస్తాడు, తర్వాతివాడు దాన్ని దిద్దకుండా దించుకుంటాడు, పదిమంది రాశారు గనుక అదే నిజమవుతుంది. కాలప్రమాణం సరేసరి, పాత ట్యాబుల్లో అంకెల మధ్య గీతలు ఎన్ని ఉంటే అంత విరామం అనుకోవాల్సిందే. గిటార్ ప్రో వంటి సాఫ్ట్‌వేర్‌లో రాసినవి ఆ లోటు తీర్చాయి, లయ కళ్లకు కనిపిస్తుంది, యంత్రం వాయించి చూపిస్తుంది. కాకపోతే యంత్రం కొట్టే ప్రతి దెబ్బా ఒకే బరువు. ట్యాబును సాక్షి చెప్పిన మాటలా వాడుకోవాలి, తీర్పులా కాదు. రికార్డు పెట్టి పక్కన వాయించి చూడగానే అబద్ధం బయటపడుతుంది.

ఎంత గట్టి సాక్ష్యం ఉన్నా తేలని కేసులు కొన్నుంటాయి. 'ఎ హార్డ్ డేస్ నైట్' మొదట్లో మోగే ఒకే ఒక్క కార్డు మీద జరిగిన చర్చ ఒక చిన్న గ్రంథాలయం. డొమినిక్ పెడ్లర్ బీటిల్స్ పాటల నిర్మాణం మీద 2003లో వేసిన లావాటి పుస్తకంలో దానికి ప్రత్యేకంగా చోటిచ్చాడు. కెనడాలో డల్హౌసీ విశ్వవిద్యాలయ గణితాచార్యుడు జేసన్ బ్రౌన్ 2004లో ఆ శబ్దాన్ని ఫూరియే విశ్లేషణతో పౌనఃపున్యాలుగా విడగొట్టి, అందులో గిటార్లతో పాటు పియానో కూడా ఉందని వాదించాడు. హారిసన్‌ను అడిగితే అది ఎఫ్ కార్డు, పైన జి అని తేల్చేసి, బేస్ సంగతి పాల్‌ను అడగమన్నాడు. ఇంట్లో ఒక్క గిటారుతో ఆ శబ్దం రాదు. అది ఒకరి చేతిలోంచి వచ్చింది కాదు, అది కొందరు ఒకేసారి కొట్టిన దెబ్బ. చాలా కార్డుల గురించి ఇది తెలియకే మనం మన వేళ్లను తిట్టుకుంటాం.

వీడియో పాఠాలు వచ్చాక ఇంటి చదువు పూర్తిగా మారింది. లండన్‌లో స్థిరపడిన ఆస్ట్రేలియన్ జస్టిన్ శాండర్‌కో పాఠాలు ఉచితంగా దొరుకుతాయి, వాటిలో మొదటి మెట్టు నుంచి ఒక క్రమం ఉంది. నేర్పేవాడి రెండు చేతులూ కనిపిస్తాయి కనుక బస్సెక్కి వెళ్లిన మెకార్ట్‌నీకి దొరికింది మనకూ దొరుకుతుంది. మేలు ఇక్కడితో ఆగుతుంది. వీడియోలో చూసేది బీటిల్స్ చెయ్యి కాదు, పాఠం చెప్పేవాడి చెయ్యి. అతను విడమరచినకొద్దీ మనం వినడం మానేస్తాం. ముప్ఫై పాటల మొదటి ఇరవై సెకన్లు వచ్చి, ఒక్క పాటా చివరిదాకా రాని గిటారిస్టు ఈ వీడియోల కాలపు సృష్టి. అసలు చేతులు చూడాలంటే పీటర్ జాక్సన్ తీసిన 'గెట్ బ్యాక్' డాక్యుమెంటరీ (2021) ఉంది. దాదాపు ఎనిమిది గంటలు, 1969 జనవరిలో వాళ్లు పాటలు కట్టుకుంటున్న దృశ్యాలు. పాఠం అని ఎవరూ చెప్పరు గాని, లెనన్ మణికట్టు ఎంత వదులుగా ఉంటుందో చూడడానికి అంతకంటే మంచి పాఠం లేదు.

అదే డాక్యుమెంటరీ కోసం జాక్సన్ బృందం తయారుచేసిన యంత్రాభ్యాస (మెషిన్ లెర్నింగ్) సాధనంతో ఒకే ట్రాకులో కలిసిపోయిన గొంతులనూ గిటార్లనూ విడదీశారు. 2022లో 'రివాల్వర్' ఆల్బం కొత్త మిక్స్‌కు, 2023లో 'నౌ అండ్ దెన్' పాటకు ఆ తరహా పనితనమే ఆధారం. ఇళ్లలోకి దాని చిన్న తమ్ముళ్లు వచ్చాయి. డీజర్ సంస్థ 2019లో స్ప్లీటర్‌ను అందరికీ విడుదల చేసింది, ఇప్పుడు ఫోను యాప్‌లు కూడా పాటలోంచి గొంతు, డ్రమ్ములు, బేస్, తక్కినవీ అని ముక్కలు చేసి ఇస్తున్నాయి. అంతకుముందు ఈ పనికి అభిమానులు పట్టుకున్నది 2009 నాటి 'ది బీటిల్స్: రాక్ బ్యాండ్' వీడియోగేమ్‌ను. ప్లాస్టిక్ గిటారు మీద మీటలు నొక్కే ఆ ఆట గిటారు నేర్పదు, కానీ అందులో 45 పాటల వాద్యాలు విడివిడిగా ఉన్నాయి, అవి బయటికి పొక్కాయి. న్యాయంగా అవి చలామణి కాకూడనివే, ఆ సంగతి పక్కన పెట్టలేం. యాప్ తీసిన ముక్కలో మాత్రం ఒక ఇబ్బంది ఉంది. గిటారు మీద పిక్ తగిలిన క్షణం, ఆ 'టక్కు', డ్రమ్ముల ముక్కలోకి పోతుంటుంది. మిగిలిన గిటారు నీళ్లలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. ఏ కార్డో తెలుసుకోవడానికి పనికొస్తుంది. కుడిచేతి దెబ్బ తెలుసుకోవడానికి వచ్చేసరికి, అదే పోయింది.

కుడిచేతి కథకు అసలు నిలయం 'ఆల్ మై లవింగ్' (1963). పాటలోని కార్డులు ఎక్కువ కష్టం కాదు. వాటి కింద లెనన్ పొట్టి రికెన్‌బ్యాకర్ గిటారు మీద ప్రతి దెబ్బనూ మూడు ముక్కలు చేసి, కిందికీ పైకీ, చరణాల్లో ఆపకుండా ఉరికిస్తాడు. వినేటప్పుడు అది గిటారు అని కూడా తోచదు, పాట ఎందుకో పరుగెడుతున్నట్టు మాత్రం ఉంటుంది. మన పరిభాషలో తిశ్రం, అందులోనూ దురితకాలం. మొదటి చరణానికే ముంజేయి బిగుసుకుంటుంది. దానికి మందు వేగం కాదు, బిగువు వదలడం. మణికట్టు నుంచి ఆడాలి, పిక్ తీగల్లోకి లోతుగా దిగకూడదు, ఆరు తీగల మీదా కొట్టాలన్న ఆశ మానుకోవాలి. మెట్రోనోమ్ మీద సగం వేగం నుంచి వారాల తరబడి పైకి తెచ్చుకోవాల్సిన విద్య ఇది. ఏ ట్యాబులోనైనా దీనికి రాసి ఉండేది పై నుంచి కిందికి పేర్చిన ఆరు అంకెలు, పక్కన మూడు అనే గుర్తు. అంతే.

ఇందుకే సోలోల మోజు నన్ను విసిగిస్తుంది. పాఠాల్లో సగం సోలోలే, నేర్చుకునేవాళ్లు అడిగేవీ అవే. బీటిల్స్‌లో సోలో ఎవరిదన్నది కూడా మనం అనుకున్నంత సూటిగా ఉండదు. 'టాక్స్‌మన్' హారిసన్ పాట, అందులో కరుకుగా చీల్చే సోలో మెకార్ట్‌నీది. 'గెట్ బ్యాక్' మెకార్ట్‌నీ పాట, సోలో లెనన్‌ది. 'వైల్ మై గిటార్ జెంట్లీ వీప్స్'లో ఏడ్చే గిటారు ఎరిక్ క్లాప్టన్‌ది. 'ది ఎండ్'లో ముగ్గురూ రెండేసి బార్ల చొప్పున వంతులేసుకుంటారు, మొదట పాల్, తర్వాత జార్జ్, తర్వాత జాన్, ఆ వరుస మూడు చుట్లు. ఆ తొమ్మిది ముక్కలను విని ఎవరు ఎప్పుడు వాయిస్తున్నారో పోల్చుకోగలిగితే, ఒక్కో మనిషి కుడిచెయ్యి ఎలా ఉంటుందో చెవికి అందినట్టే. లెనన్ వంతులో స్వరాలు తక్కువ, గరుకు ఎక్కువ. ఇంట్లో ఒక్కడే కూర్చుని వాయించేవాడికి నిలకడగా పనికొచ్చేది లెనన్ వాయించిన తాళం (రిథమ్) గిటారే. ఆ వెన్నెముక ఉంటే పాట నిలబడుతుంది, సోలో ఒక్కటే వస్తే స్నేహితుల ముందు పదిహేను సెకన్ల ముచ్చట.

పిక్ పక్కన పెట్టి వేళ్లతో వాయించే పాటల దారి మన దేశంలోంచే వెళ్తుంది. 1968లో రిషికేశ్‌లో మహర్షి మహేశ్ యోగి ఆశ్రమంలో ఉన్నప్పుడు స్కాట్లండ్ గాయకుడు డోనవన్ లెనన్‌కు వేళ్ల వాయింపు నేర్పాడు. బొటనవేలు మంద్ర తీగల మీద లయ తప్పకుండా ఊగుతుంటే తక్కిన వేళ్లు పై తీగలను గిల్లే పద్ధతి అది. 'డియర్ ప్రూడెన్స్', 'జూలియా' దాని ఫలాలు. ఒకటి చివరి తీగను డి దాకా దించి వాయించాలి, రెండోది రెండో మెట్టు కేపోతో సి ఆకారాల్లో. రెంటికీ పట్టు మార్చడం తేలిక, బొటనవేలిని దాని దారిన వదిలేయడమే గగనం. పాట సంగతి మరచి, రెండు తీగల మీద బొటనవేలు ఒక్కటీ వారం రోజులు తిప్పినవాళ్లకు తర్వాత అంతా త్వరగా అబ్బుతుంది. దాన్ని దాటేసినవాళ్లు నెలల తర్వాత మళ్లీ అక్కడికే వస్తారు.

లయలో ఇంకో పీటముడి 'హియర్ కమ్స్ ది సన్' మధ్యభాగం. పాశ్చాత్య స్వరలిపిలో దాన్ని 11/8, 4/4, 7/8 అని మార్చిమార్చి రాస్తారు. చూస్తే కళ్లు తిరుగుతాయి. మూడేసి అక్షరాల గుత్తులుగా చేతి మీద తట్టి చూస్తే, పల్లవి దగ్గర ముక్తాయి వేసే అలవాటున్న చెవికి అదేమీ పరాయిగా ఉండదు. హారిసన్ 1966 నుంచి రవిశంకర్ దగ్గర సితార్ నేర్చుకున్నవాడు, ఆ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. మృదంగం తరగతికి వెళ్లిన పిల్లలున్న ఇంట్లో ఈ భాగం నేర్పమని వాళ్లనే అడగవచ్చు. కర్ణాటక సంగీతం నేర్చినవాళ్లకు ఇంకో లాభం ఉంది. వీణ మీద తీగను మెట్టు మీదుగా పక్కకు లాగి గమకం తీసే చెయ్యికి, 'సమ్‌థింగ్' సోలోలో తీగను వంచి స్వరాన్ని పైకి తీసుకెళ్లడం కొత్తగా ఉండదు. ఎంత వంచాలో చెప్పేది అక్కడైనా ఇక్కడైనా చెవే.

పరికరాల గురించి క్లుప్తంగా. అభిమానులు ఎక్కువ డబ్బు, తక్కువ ఆలోచన పెట్టేది ఇక్కడ. హారిసన్‌కు 1964 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో దొరికిన పన్నెండు తీగల రికెన్‌బ్యాకర్‌లో జంట తీగల్లో లావుది ముందు తగిలేలా కట్టి ఉంటుంది, మామూలు పన్నెండు తీగల గిటార్లలో సన్నది ముందు. ఆ గలగలలో కొంత ఆ వరుసది. 'రివల్యూషన్' (1968)లో చెవులు కోసే ఆ రొద ఏ పెడల్‌దీ కాదు, గిటార్లను నేరుగా స్టూడియో కన్సోల్‌లోకి ఎక్కించి దాన్ని హద్దుకు మించి తోశారు. ఇలాంటివి చదవడానికి సరదా. ఇంట్లో కావలసింది శ్రుతి నిలిచే ఒక గిటారు, ఒక కేపో, ఒక ట్యూనర్, ఇరుగుపొరుగు నిద్ర చెడకుండా ఇయర్‌ఫోన్ పెట్టుకునే చిన్న ఆంప్, అదీ ఎలక్ట్రిక్ అయితేనే. తీర ప్రాంతాల్లో తీగలు త్వరగా తుప్పు పడతాయి, తుప్పు పట్టిన తీగ శ్రుతి నిలవదు. కొత్త పెడల్ కొనే ముందు కొత్త తీగల సెట్ వేసి చూడండి.

ఎన్ని ఉన్నా కొన్ని రికార్డులు లొంగవు. 'స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్' వేరు వేరు శ్రుతుల్లో, వేగాల్లో ఉన్న రెండు టేకులను టేపు వేగం మార్చి అతికిన పాట, సరిగ్గా శ్రుతి చేసిన గిటారు దానితో కలవదు. యాప్‌లో పాట శ్రుతినే కాస్త జరుపుకోవాలి. 'ఐయామ్ ఓన్లీ స్లీపింగ్'లో సోలో టేపును వెనక్కి తిప్పితే వచ్చినది. హారిసన్ అటునుంచి ఎలా వినిపించాలో లెక్క వేసుకుని ఇటునుంచి వాయించాడు. దాన్ని ముందుకు వాయించి చూపే వీడియోలున్నాయి, ఆ ఓపికకు మెచ్చుకోవాలి. నెదర్లాండ్స్‌కు చెందిన ది అనలాగ్స్ అనే బృందం బీటిల్స్ కచేరీ చేయని చివరి కాలపు ఆల్బములను అప్పటి వాద్యాలు సంపాదించి వేదిక మీద యథాతథంగా వాయించింది. దానికి వాళ్లకు వేదిక నిండా మనుషులు కావాల్సివచ్చింది.

మన ఊళ్లలో గిటారు నేర్చుకునే దారులు రెండు. హైదరాబాద్ వంటి చోట్ల ట్రినిటీ గ్రేడ్ పరీక్షలకు తయారుచేసే తరగతులు. అవి స్వరలిపి, క్రమశిక్షణ ఇస్తాయి, ఇష్టమైన పాట దాకా రావడానికి చాలా కాలం పడుతుంది. రెండోది, పెద్దగా ఎవరూ లెక్కలో వేయనిది, చర్చి. కోస్తా జిల్లాల్లో ఎంతోమంది గిటారు పట్టింది ఆదివారం ఆరాధనలో. పాడేవాళ్ల గొంతుకు తగ్గట్టు కేపో జరుపుకుంటూ, జి, సి, డి, ఇ మైనర్ ఆకారాలతో, కాగితం చూడకుండా, ఆగిపోకుండా గంటసేపు వాయించగల చెయ్యి వాళ్లది. బీటిల్స్ పాటల్లో సగానికి కావలసింది సరిగ్గా అదే. మూడేళ్లు గ్రేడులు చదివిన పిల్లవాడి కన్నా చర్చిలో మూడేళ్లు వాయించిన కుర్రాడు 'నార్వీజియన్ వుడ్' త్వరగా పట్టుకుంటాడని పందెం కాస్తాను.

అచ్చం రికార్డులాగే రావాలా అన్నది చివరి తగువు. కుర్రతనంలో మెకార్ట్‌నీ, హారిసన్ ఇద్దరూ బాఖ్ రాసిన ఇ మైనర్ బూరే అనే చిన్న రచనను గొప్ప కోసం వాయించేవాళ్లు. పూర్తిగా తెలియదు, తెలియనిచోట సొంతంగా అల్లేవాళ్లు. పైస్వరమూ కిందిస్వరమూ కలిసి నడిచే ఆ పద్ధతే 'బ్లాక్‌బర్డ్' (1968)కు మూలమని మెకార్ట్‌నీ చెప్పాడు. దీన్ని పట్టుకుని ఎలా వాయించినా ఒకటే అనేవాళ్లున్నారు. నేను అలా అనను. వాళ్లు తప్పు వాయించింది ఒక్కచోట కాదు, ఏళ్ల తరబడి, ఆ తప్పు చేతికి అలవాటై కొత్త పాట కట్టేంత వరకు. రెండు వారాల్లో వదిలేసిన సగం ట్యాబు నుంచి అలాంటిదేదీ రాదు. ముందు ఒక పాటను రికార్డు పక్కన నిలబెట్టగలిగేంత వరకు తీసుకెళ్లాలి, ఆ తర్వాత ఎంత వంకరగా వాయించినా అడిగేవాళ్లు లేరు.

అలా నిలబెట్టడానికి నేను సూచించే పాట 'అండ్ యువర్ బర్డ్ కెన్ సింగ్' (1966). అందులో రెండు గిటార్లు ఒకదానికొకటి అంటిపెట్టుకుని మూడో స్వరం ఎడంలో పరుగెడతాయి. హారిసన్, మెకార్ట్‌నీ కలిసి వాయించారు. ఒక్కడే నేర్చుకునేవాడు కింది వరుస ముందు సగం వేగంలో నేర్చి ఫోనులో రికార్డు చేసుకోవాలి, పై వరుస దాని మీద వాయించాలి. మొదట రెండూ కలవవు. స్వరాలు రెంటిలోనూ సరిగానే ఉంటాయి, పిక్ కిందికి పడే చోట్లు వేరుగా ఉంటాయి. పై వరుసను వదిలి, ఫోనులోని దాన్ని తుడిచేసి, కింది వరుసను ఏ దెబ్బ కిందికో ఏది పైకో రాసుకుని మళ్లీ రికార్డు చేయాలి. ఇంట్లో రెండో గిటారిస్టు ఉంటే ఫోను అక్కర్లేదు, ఎదురెదురుగా కూర్చుని ఒకరి మణికట్టు ఒకరు చూసుకుంటే చాలు.